తిరుపతి, చిత్తూరు నుంచి యూనివర్సిటీలో థియేటర్ చదవాలంటే: ఏడాది ముందు నుంచి ఆడిషన్ దాకా

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు తరచూ అడుగుతున్నారు: "థియేటర్‌లో పీజీ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" ఫోన్‌లో చెప్పే జవాబు ఎవరికీ సరిపోవడం లేదు. అందుకే వరుసగా రాస్తున్నాను. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి, పలమనేరు వైపు ఉన్నవాళ్లను మనసులో పెట్టుకుని రాసింది ఇది.

చాలామంది ఆడిషన్‌కు, అంటే నటించి చూపించే ఎంపిక పరీక్షకు, నెల ముందు తయారీ మొదలుపెడతారు. నెల చాలదు, ఏడాది కావాలి. ఆ ఏడాదిలో నేర్చుకోవాల్సిన దాంట్లో పెద్ద భాగం మన ఊళ్లలోనే దొరుకుతుంది. దాన్ని వదిలేసి సినిమా డైలాగులు బట్టీపట్టి వెళ్లడమే మన వైపు పిల్లలు ఎక్కువగా చేసే తప్పు.

1. ముందు ఇది తేల్చుకోండి: మీకు కావాల్సింది ఈ చదువేనా?

యూనివర్సిటీ థియేటర్ కోర్సు అంటే నటన శిక్షణ ఒక్కటే కాదు. నటన, దర్శకత్వం, లైటింగ్, సెట్, దుస్తులు, మేకప్, నాటక సిద్ధాంతం, ప్రొడక్షన్ నిర్వహణ అన్నీ చదవాలి. ఒక నాటకంలో మీరు హీరో అయితే ఇంకో నాటకంలో లైట్లు మోస్తారు. పొద్దున క్లాసు, సాయంత్రం రిహార్సల్, రాత్రి సెట్ పని. సెమిస్టర్ అంతా ఇట్లానే సాగుతుంది.

సినిమా అవకాశం ఒక్కటే మీ లక్ష్యమైతే రెండేళ్లు ఇక్కడ పెట్టడం మీకు భారంగా అనిపిస్తుంది. కెమెరా ముందు నటనకు వేరే శిక్షణ సంస్థలు ఉన్నాయి, అటే వెళ్లండి. నాటకం మీద ఇష్టంతో వచ్చి తర్వాత సినిమాకు వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు, అది వేరే సంగతి.

ఈ మూడు ప్రశ్నలకు నోట్‌బుక్‌లో జవాబు రాసుకోండి. ఇంటర్వ్యూలో ఇవే అడుగుతారు.

- స్టేజీ మీద లేనప్పుడు కూడా నాటకం పనిలో నాకు ఆసక్తి ఉందా?
- ఈ ఏడాది నేను కూర్చుని పూర్తిగా చూసిన నాటకాలు ఏవి?
- చదువు అయ్యాక నటించాలా, దర్శకత్వమా, టెక్నికల్ పనా, పాఠం చెప్పడమా?

2. ఎక్కడ చదవాలి

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ కింద థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది, అక్కడ రెండేళ్ల ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పర్ఫార్మింగ్ ఆర్ట్స్). పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ థియేటర్‌లో ఎంపీఏ ఉంది, అది మనకు దగ్గర కూడా. ఈ రెండింటికీ జాతీయ స్థాయిలో జరిగే ప్రవేశ పరీక్ష సీయూఈటీ-పీజీ నోటిఫికేషన్ గమనించాలి.

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీ సీట్ల కోసం రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ ప్రకటన చూడండి. హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది. తెలుగులో చదవాలి, పద్య నాటకం మీద పట్టు కావాలి అనుకునేవాళ్లు దాన్ని తప్పకుండా పరిశీలించాలి.

ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా దారి వేరు. అది యూనివర్సిటీ కాదు, మూడేళ్ల డిప్లొమా ఇస్తుంది. డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న అనుభవం, హిందీ, ఇంగ్లీషు పనికొచ్చేంత తెలిసి ఉండటం అడుగుతుంది. మొదటి వడపోత దాటినవాళ్లకు ఢిల్లీలో కొన్ని రోజుల వర్క్‌షాప్ పెట్టి, అందులోంచి ఎంచుకుంటారు. చేరినవాళ్లకు స్కాలర్‌షిప్ ఉంటుంది. హిందీ బొత్తిగా రాదంటే ఈ ఏడాదే నేర్చుకోవడం మొదలుపెట్టండి. భయపడి దరఖాస్తే మానేయకండి.

తిరుపతిలో ఉంటూనే పక్కబలం కూడగట్టుకోవచ్చు. టీటీడీ నడిపే ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీతం, నృత్యం విభాగాలున్నాయి. తాళజ్ఞానం, శ్రుతి, నిలబడే తీరు ముందే వచ్చి ఉంటే థియేటర్ క్లాసులో చాలా సుఖం.

నా సలహా ఒక్కటే: కనీసం మూడు చోట్లకు దరఖాస్తు చేయండి. ఒకే సీటు మీద ఏడాదంతా ఆశ పెట్టుకోవద్దు.

3. అనుభవం కూడగట్టడం, దానికి రుజువులు దాచుకోవడం

నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా అడిగే ఆరు నాటకాలు అనగానే పిల్లలు బెంబేలెత్తుతారు. డిగ్రీ రెండో ఏడాదిలో మొదలుపెడితే అది అంత పెద్ద లెక్క కాదు.

వరుస ఇది:

- కాలేజీ వార్షికోత్సవం, యూత్ ఫెస్టివల్‌లో నాటికకు పేరు ఇవ్వండి. వేషం దొరక్కపోతే ప్రాంప్టింగ్ (పక్క నుంచి మాట అందించడం) అయినా చేయండి.
- ఊళ్లో పరిషత్తు నాటకాలు (పోటీ నాటకాలు) ఆడే సమాజం ఏదన్నా ఉందేమో కనుక్కోండి. పాత నటులకు ఫోన్ చేసేముందు వాళ్ల రిహార్సల్‌కు వెళ్లి వెనక కూర్చుని చూడండి. రెండు మూడు రోజులు వరుసగా వస్తే వాళ్లే పిలిచి పని చెబుతారు.
- ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో వీధి నాటకం వేయండి. మైకు లేకుండా పదిమంది ముందు మాట్లాడటం అక్కడే అలవాటవుతుంది.
- ఎవరూ లేకపోతే మీరే నలుగురు కలిసి ఇరవై నిమిషాల నాటిక వేయండి. హాలు అక్కర్లేదు, క్లాసు గది చాలు.

ప్రతి ప్రదర్శనకూ ఒక ఫైల్ పెట్టండి. కరపత్రం, తేదీ, చోటు, మీరు చేసిన పని, రెండు ఫోటోలు, నిర్వాహకుల సంతకంతో ఒక కాగితం. ప్రదర్శన అయిన వారంలోనే సంతకం తీసుకోండి. ఏడాది తర్వాత వెళితే ఆ కమిటీ ఉండదు, ఆ సెక్రటరీ ఇంకో ఊళ్లో ఉంటాడు.

చేయని నాటకాన్ని చేసినట్టు రాయవద్దు. మిమ్మల్ని ఎంపిక చేసే ప్యానెల్‌లో ఉన్నవాళ్లు జీవితమంతా నాటకాల్లో ఉన్నవాళ్లు. "మీ ఎంట్రీ ఎటువైపు నుంచి? పక్కన ఎవరున్నారు?" అని అడిగితే అబద్ధం అక్కడే తెలిసిపోతుంది.

4. మన జిల్లాల్లో చూడాల్సినవి, చూసే పద్ధతి

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. మిగతా ఊళ్ల నుంచి వచ్చే అభ్యర్థుల దగ్గర లేనిది మీ దగ్గర ఉండేది ఇక్కడే.

ఎండాకాలంలో మన ఊళ్లలో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం (మహాభారత కథతో సాగే ఉత్సవం) జరుగుతుంది. చాలాచోట్ల 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జునుడి తపస్సు రోజున తపస్సు మాను ఎక్కుతారు. చివర్లో నేల మీద మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మ చేస్తారు, దాని చుట్టూనే భీముడు, దుర్యోధనుడి యుద్ధం. ద్రౌపది జడ ముడవడం, ఆ సాయంత్రం అగ్నిగుండం. చిన్నప్పటి నుంచి చూసి ఉంటారు. ఈసారి విద్యార్థిగా చూడండి.

పోవాల్సింది నాటకం మొదలయ్యే టైముకు కాదు. పొద్దుగూకేటప్పుడే వెళ్లండి. పెద్దవాళ్లను అడిగి, వేషాలు వేసుకునే చోట ఒక మూల కూర్చోండి. "అన్నా, కూర్చోవచ్చా?" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ముఖానికి రంగు ఏ వరుసలో వేస్తారు, కిరీటం, భుజకీర్తులు ఎవరు కడతారు, బరువు ఎక్కడ పడుతుంది, ఆ బరువుతో నడక ఎట్లా మారుతుంది, ఇవన్నీ రాసుకోండి. తెర వెనక నుంచి రాజు వేషం బయటికి రావడానికి ఎంతసేపు తీసుకుంటుంది? ఆ ఆలస్యం జనాన్ని ఏం చేస్తుంది? మద్దెల ఎక్కడ ఆగుతుంది? తెల్లవారుజామున నిద్రపోతున్న జనాన్ని మళ్లీ లేపింది పాటా, హాస్యగాడా, యుద్ధమా?

రెండోది తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర. సాధారణంగా మే నెలలో వస్తుంది. రోజుకో వేషం: బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం ఇట్లా. ఒక రోజు ఒళ్లంతా తెల్లటి నామం పొడి, ఇంకో రోజు కుంకుమ, మరో రోజు బొగ్గు. మగవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు.

ఇక్కడ మీరు పట్టుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. చీర కట్టి మొక్కు తీర్చుకుంటున్న ఆ మనిషి నటిస్తున్నాడా? నాటకంలో స్త్రీ పాత్ర వేసినవాడికీ ఇతనికీ తేడా ఎక్కడ ఉంది? వీధిలో నిలబడ్డ మనం ప్రేక్షకులమా, భక్తులమా? ప్రదర్శన అంటే ఏమిటో చర్చించే పర్ఫార్మెన్స్ స్టడీస్ క్లాసులో మొదటి సెమిస్టర్ నుంచి చివరి దాకా తిరిగే చర్చ ఇదే. మీరు దాన్ని కళ్లతో చూసి వెళతారు.

నోట్స్‌కు నాట్యశాస్త్రం చెప్పే నాలుగు అభినయాలను గళ్లుగా పెట్టుకోండి: ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం). ఐదో గడి జనం. ఒక్కో రాత్రికి ఒక్కో పేజీ చాలు.

పాటించాల్సినవి:

- వేషధారిని, పూజను దగ్గర నుంచి ఫోటో తీసేముందు అడగండి. వద్దంటే ఫోన్ లోపల పెట్టండి.
- కళాకారుడితో మాట్లాడాలంటే మర్నాడు మధ్యాహ్నం తర్వాత వెళ్లండి. రాత్రంతా ఆడి అలసిపోయి ఉంటారు.
- "ఇది మూఢనమ్మకం", "ఇది గొప్ప సంప్రదాయం" అని తీర్పు రాయకండి. చూసింది చూసినట్టు రాయండి.

5. గొంతు, ఒళ్లు: రోజూ పొద్దున

యూనివర్సిటీ గ్రౌండ్, ఇంటి మిద్దె, ఊరి బయట మామిడితోట, ఎక్కడైనా సరే. రోజుకు నలభై నిమిషాలు చాలు, కానీ రోజూ చేయాలి.

మొదట ఒళ్లు వేడెక్కించాలి: నడక, సూర్య నమస్కారాలు, మెడ, భుజాలు వదులు చేయడం. తర్వాత ఊపిరి. వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టి, పొట్ట లేచేలా పీల్చి నెమ్మదిగా వదలండి. తర్వాత నోరు మూసి మెల్లగా "మ్" అని పలకడం. ఆఖరున ఒక పేజీ బిగ్గరగా చదవడం. వరుస మార్చవద్దు. నిద్ర లేవగానే అరుపులు మొదలుపెడితే వారంలో గొంతు పోతుంది.

గొంతు బొంగురుపోతే రెండు రోజులు పూర్తిగా ఆపండి. మిరియాల కషాయం తాగి అదే రోజు మళ్లీ అరిస్తే ప్రయోజనం లేదు. వారాల తరబడి తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

ఉచ్చారణలో శ, ష, స తేడా, ల, ళ తేడా, ఒత్తక్షరాలు చూసుకోండి. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలకు ఖ, ఘ, ఠ, ధ లాంటివి ప్రత్యేకంగా సాధన చేయాలి. మీ గొంతు ఫోన్‌లో రికార్డ్ చేసి, మర్నాడు వినండి. అదే రోజు వింటే తప్పులు వినపడవు.

యాస గురించి ఒక మాట. "వస్తా ఉండాడు", "చెప్పినాడు", "యాడికి పోతాండావు" అనే మన మాట తీరును దాచుకోవాల్సిన పని లేదు. శిష్ట భాష కూడా రావాలి, యాస కూడా ఉండాలి. నటుడికి రెండూ కావాలి. తన యాసకు సిగ్గుపడే పిల్లవాడి గొంతు స్టేజీ మీద బిగుసుకుపోతుంది. ఇది చాలాసార్లు చూశాను.

6. ఆడిషన్ భాగం ఎంపిక, తయారీ

ముందుగా ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఏం తయారు చేసుకోమన్నారో, ఏ భాషలో, ఎన్ని నిమిషాలో చదవండి. ఏమీ చెప్పకపోతే రెండు భాగాలు సిద్ధం చేసుకోండి. ఒకటి గంభీరం, ఇంకోటి తేలిక. ఒక్కోటి రెండు మూడు నిమిషాలు.

ఎంపిక:

- అచ్చయిన నాటకం నుంచే తీసుకోండి. సినిమా డైలాగ్ వద్దు. ప్యానెల్‌కు ఆ హీరో గుర్తొస్తాడు, మీరు కనబడరు.
- మీ వయసుకు దగ్గరి పాత్ర తీసుకోండి. ఇరవై ఏళ్ల పిల్లవాడు ముసలి తండ్రిగా దగ్గుతూ ఏడిస్తే మీ అసలు గొంతే వినపడదు.
- మొదటి నుంచి చివరి దాకా ఒకే ఏడుపు, ఒకే కోపం ఉన్న భాగం వద్దు. మధ్యలో మనిషి మనసు మారాలి.
- నాటకం మొత్తం చదవకుండా ఆ ముక్క ఒక్కటే చేయవద్దు.

కన్యాశుల్కం చాలామంది ఎంచుకుంటారు. మంచిదే. కానీ అందులోది విజయనగరం వైపు మాట. మన పిల్లలు ఆ యాసను పైపైన అనుకరిస్తే అతికించినట్టు వినిపిస్తుంది. ఆ నాటకమే చేయాలనుకుంటే ప్రతి పలుకుబడికీ అర్థం తెలుసుకుని, లయ పట్టుబడేదాకా చదివి అప్పుడు చేయండి.

తయారీ వరుస:

మొదటి వారం బట్టీ వద్దు. పాత్ర ఎవరు, ఎక్కడుంది, ఎవరితో మాట్లాడుతోంది, ఆ క్షణాన ఎదుటివాడి నుంచి ఏం కావాలి? ఈ నాలుగూ రాసుకోండి. నాలుగోది తేలకపోతే ముందుకు పోవద్దు.

తర్వాత అదే విషయాన్ని మీ సొంత మాటల్లో, ఇంట్లో మాట్లాడే యాసలో చెప్పండి. అమ్మతో గొడవపడుతున్నట్టు, తమ్ముడికి నచ్చజెబుతున్నట్టు. భావం మీ ఒంట్లోకి వచ్చాక నాటకంలోని మాటలకు తిరిగి రండి. మాట మారుతుంది, లోపలి అవసరం అదే ఉంటుంది. ఈ ఒక్క మెట్టు దాటేస్తే తర్వాత ఎంత రిహార్సల్ చేసినా చదివినట్టే ఉంటుంది.

ఆపైన బట్టీ. కూర్చుని కాదు, గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ చెప్పుకోండి. చేతులు వేరే పనిలో ఉన్నా మాట తడబడకపోతే బట్టీ అయినట్టు.

చివర్లో కదలికలు. ఎదుటి మనిషిని గోడ మీద ఒకచోట, మీ కంటి ఎత్తులో ఊహించి పెట్టుకోండి. ప్యానెల్ సభ్యుల కళ్లలోకి చూసి డైలాగ్ చెప్పవద్దు, వాళ్లు రాసుకోవాలి కదా.

తరచూ వచ్చే ఇబ్బందులు, సవరణలు:

- ప్రతి మాటకూ చెయ్యి లేస్తోంది: రెండు చేతుల్లో చెంబు నిండా నీళ్లు పట్టుకుని మొత్తం భాగం చెప్పండి.
- వేగం పెరిగిపోతోంది: పూర్తి గుసగుసలో ఒకసారి చెప్పండి, మళ్లీ మామూలుగా చెప్పండి.
- వాక్యం చివర గొంతు దిగిపోతోంది: చివరి మాటను గది అవతల ఉన్న స్నేహితుడికి వినిపించేలా చెప్పండి. వినపడకపోతే చెయ్యెత్తమనండి.
- మధ్యలో మర్చిపోయారు: "సారీ" అనకండి, ముఖం పెట్టకండి. పాత్రగానే ఊపిరి తీసుకుని తర్వాతి మాటకు వెళ్లండి.

పద్యం పాడగలిగితే, హరికథ ముక్క వస్తే, కోలాటం, పలకలు, తప్పెట, ఏదైనా వస్తే అది కూడా సిద్ధంగా ఉంచుకోండి. "ఇంకేం వచ్చు?" అని తప్పకుండా అడుగుతారు.

7. రాత పరీక్ష, కాగితాలు

సీయూఈటీ-పీజీలో ఇటీవలి పద్ధతి ప్రకారం 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. పూర్తిగా తెలియని ప్రశ్న వదిలేయడమే మేలు. దరఖాస్తులు డిసెంబర్, జనవరి ప్రాంతంలోనే వస్తుంటాయి. డిగ్రీ ఫలితాల కోసం ఆగితే గడువు దాటిపోతుంది.

చదవాల్సినవి: నాట్యశాస్త్రంలో రసాలు, అభినయం, మూడు రకాల నాట్య మండపాలు, దశరూపకాలు (పది రకాల నాటకాలు). అరిస్టాటిల్ విషాద నాటక సిద్ధాంతం. విదేశీ దర్శకులు స్టానిస్లావ్‌స్కీ, బ్రెష్ట్, గ్రోటోవ్‌స్కీ ఒక్కొక్కరూ నటుడి నుంచి ఏం కోరారు. నాటక రచయితలు బాదల్ సర్కార్, విజయ్ టెండూల్కర్, గిరీష్ కర్నాడ్ నాటకాలు. కూడియాట్టం (కేరళ సంస్కృత నాటకం), యక్షగానం, కూచిపూడి, సురభి నాటకాలు, తెరుక్కూత్తు (తమిళ వీధి నాటకం). స్టేజీ భాగాల పేర్లు, లైట్ల రకాలు. పేర్లు, తేదీలు బట్టీపట్టే ముందు ఒక్కో నాటకం చదవండి. చదివినది గుర్తుంటుంది.

కాగితాల దగ్గర చాలామంది నష్టపోతారు:

- ఓబీసీ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి, నాన్ క్రీమీలేయర్ అని ఉండాలి. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ సరిపోదు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.
- ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిది కావాలి. సచివాలయంలో ముందే దరఖాస్తు పెట్టండి.
- పదో తరగతి మెమోలో ఉన్న పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయా?
- ప్రదర్శనల ఫైల్ రెండు ప్రతులు, ఒకటి ఫోన్‌లో స్కాన్ చేసి.

8. ఆడిషన్ రోజు

ముందురోజే చేరుకోండి. రాత్రంతా ప్రయాణం చేసి నేరుగా ఆడిషన్‌కు వెళితే గొంతు లేవదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వెళ్లేవాళ్లకు తిరుపతి నుంచి నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ అనుకూలం. లింగంపల్లి దాకా వెళుతుంది, క్యాంపస్ అక్కడికి దగ్గరే.

వదులైన కాటన్ బట్టలు, ముదురు రంగు, బొమ్మలు రాతలు లేనివి వేసుకోండి. చెప్పులు వదిలి పనిచేయాల్సి ఉంటుంది. జుట్టు ముఖం మీద పడకూడదు. గాజులు, పెద్ద ఉంగరాలు తీసేయండి.

వర్క్‌షాప్ తరహా ఎంపికలో గుంపుగా ఆటలు, ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు అల్లి నటించడం) ఇస్తారు. అక్కడ టెన్షన్‌తో చాలామంది ముందుకు తోసుకొచ్చి తామే మాట్లాడతారు. ప్యానెల్ చూసేది ఎదుటివాడి మాట ఎవరు వింటున్నారు, పక్కవాడికి ఎవరు చోటిస్తున్నారు అని. వినండి, దానికి బదులివ్వండి.

ఒకసారి చేసిన భాగాన్నే వేరే తీరుగా చేయమని అడుగుతారు. "ఇదే మాటల్ని నవ్వుతూ చెప్పు" అంటారు. మీరు చేసింది తప్పని కాదు, మారగలరో లేదో చూస్తున్నారు. వాదించకుండా వెంటనే చేయండి. ఆడిషన్ భాగాన్ని ఇంట్లో మూడు నాలుగు తీరుల్లో చేసి ఉంటే ఇక్కడ కంగారు ఉండదు.

ఇంటర్వ్యూలో "చిత్తూరు నుంచి వచ్చావా, అక్కడ ఏం నాటకాలున్నాయి?" అని అడిగితే మీ భారతం నోట్స్ పనికొస్తుంది. "మా ఊళ్లో గొప్ప సంస్కృతి ఉందండి" అనడం జవాబు కాదు. ఫలానా రాత్రి తెర వెనక నుంచి దుర్యోధన వేషం ఎట్లా వచ్చిందో, జనం ఎట్లా లేచారో చెప్పండి. తెలియని ప్రశ్నకు తెలియదనే చెప్పండి.

9. ఇంట్లో మాట్లాడటం

అమ్మానాన్నల భయం ఉద్యోగం గురించే, అది న్యాయమైన భయం. వాళ్ల ముందు కలల గురించి మాట్లాడే బదులు కాగితం పెట్టండి: కోర్సు ఫీజు, హాస్టల్, మెస్, ప్రయాణం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఫీజులు ప్రైవేటు కోర్సులతో పోలిస్తే బాగా తక్కువ. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మీకు వర్తించేవి చూపించండి.

తర్వాత దారులూ చెప్పండి. అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో పర్ఫార్మింగ్ ఆర్ట్స్ సబ్జెక్టు ఉంది, పీజీ తర్వాత అది రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్)తో పరిశోధన, అధ్యాపక పని వైపు వెళ్లవచ్చు. బడుల్లో డ్రామా టీచర్లు, లైటింగ్, ఈవెంట్ నిర్వహణ, రేడియో, డబ్బింగ్ ఉన్నాయి. నటన ఒక్కదానితోనే ఇల్లు గడుస్తుందని మాట ఇవ్వకండి. ఒక పని చేతిలో ఉంచుకుని నటించేవాళ్లే ఎక్కువ.

ఆడపిల్లల విషయంలో రాత్రి రిహార్సల్స్ గురించి అడుగుతారు. వీలైతే అమ్మనో నాన్ననో ఒకసారి క్యాంపస్‌కు తీసుకెళ్లి హాస్టల్, విభాగం చూపించండి, సీనియర్ అక్కలతో మాట్లాడించండి. మాటలతో కాని పని అక్కడ అవుతుంది.

10. సీటు వచ్చాక, క్లాసులు మొదలయ్యేలోపు

- భారతం, జాతర నోట్స్ శుభ్రంగా తిరగరాసి తీసుకెళ్లండి. మొదటి సెమిస్టర్ సెమినార్ పేపర్‌కు అంశం వెతుక్కోవాల్సిన పని ఉండదు.
- టెక్నికల్ పనికి అలవాటు పడండి: ఊళ్లో లైట్లు, సౌండ్ అద్దెకిచ్చే షాపులో కొన్ని రోజులు సాయం చేయండి. కేబుల్ చుట్టడం, లైటు బిగించడం వస్తే సీనియర్లు మొదటి ప్రొడక్షన్‌లోనే పని ఇస్తారు.
- ఇంగ్లీషులో రోజుకు రెండు పేజీల నాటకం బిగ్గరగా చదవండి. పాఠాల్లో, చర్చల్లో ఇంగ్లీషు ఎక్కువే ఉంటుంది.
- మీకు వేషం నేర్పిన, పక్కన కూర్చోనిచ్చిన భారతం కళాకారుల ఫోన్ నంబర్లు రాసుకోండి, వెళ్లేముందు ఒకసారి కలిసి చెప్పండి. వచ్చే ఎండాకాలం సెలవుల్లో వాళ్ల దగ్గరికే మళ్లీ ఫీల్డ్‌వర్క్‌కు వస్తారు.